పాఠమునకు పట్టు కాలము

మన భాషలో ‘గంట’ యను మాటకు రెండర్థములు గలవు. గుడిలోను బడిలోను వ్రేలాడుచు మ్రోగునది యొకటి. 60 నిమిషముల కాలము మఱియొకటి. కాలము గడచినదని చాటు వస్తువు పేరే ఆ కాలమునకును పేరై నిలిచినది. అంతకు పూర్వము మనవారు వాడిన గడియ కథయు నిట్టిదే. ‘ఘటిక’ యనగా చిన్నకుండ. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటితొట్టిలో తేలవిడువగా, నీరు క్రమముగా లోనికెక్కి అది మునుగుటకు పట్టు 24 నిమిషముల కాలమునకే ఘటిక యని పేరు. అదియే జనుల నోట గడియ యైనది. ఏడవ శతాబ్దిలో నలందలో సుమారు 10 సంవత్సరములు నివసించి విద్యనభ్యసించిన చైనా భిక్షువు ఇత్సింగు, అచ్చటి విహారములలో ఇట్టి జలఘటికలుండెడివనియు, గిన్నె మునిగినప్పుడు భేరి మ్రోగించెడివారనియు వ్రాసి యున్నాడు. రెండు గడియలు కూడిన నొక ముహూర్తము, అనగా 48 నిమిషములు. నేటి కాలేజీ పీరియడ్ సాధారణముగా 50 నిమిషములు. ఈ రెండు కొలతలకు నడుమ సంబంధమేమియు లేకపోయినను, మనుష్యుడు ఒక పనిపై కుదురుగా కూర్చుండగల కాలము నాడును నేడును ఇంచుమించుగా నొక్కటియే కాబోలునని నాకనిపించును.

అట్లయినచో కొన్ని విశ్వవిద్యాలయములలో కనబడు రెండున్నర గంటల తరగతి యెక్కడినుండి వచ్చినది? ఉన్నతవిద్యలో ఒక్కొక్క తరగతి యెంతసేపు జరుగవలెను, వారమునకెన్ని మాఱులు కూడవలెను, దానిని ఏ లెక్కతో నిర్ణయింతురు? ఇది టైంటేబుల్ వేయువారి వ్యవహారమని చాలమంది తలంతురు. కాని చదువు స్వరూపమును లోపలనుండి తీర్చిదిద్దు నిర్ణయములలో నిది ముఖ్యమైనదని నా దృఢవిశ్వాసము.

మనము పీజీ యని పిలుచు చదువునే అమెరికాలో గ్రాడ్యుయేట్ చదువందురు. గుంటూరునుండియో వరంగల్లునుండియో ఎం.ఎస్. చేయుటకు అచ్చటికేగిన మన యువకుడు మొదటి సెమిస్టరులో తన టైంటేబుల్ చూచుకొని విస్మయపడును. ఇంజనీరింగు కాలేజీలో ఉదయమునుండి సాయంకాలము వఱకు పీరియడ్ వెంట పీరియడ్ కూర్చున్నవానికి, అచ్చట వారమంతటికిని మూడే తరగతులు కనబడును. కాని యొక్కొక్కటి సాయంకాలము 7:20కి మొదలై రాత్రి 10 గంటలకు గాని ముగియదు. మొదటి వారమున ‘ఇంత తక్కువ చదువా?’ యనియు, రెండవ వారమున ‘ఇంత సుదీర్ఘమైన పాఠమా?’ యనియు, నెల తిరుగునప్పటికి ‘తరగతికంటె ఇంటిపనియే యిన్నింతలున్నదేమి?’ యనియు అతనికి తోచుట సహజము. ఈ ప్రశ్నలకన్నింటికి సమాధానము ‘క్రెడిట్’ అను నొక చిన్న కొలతలో నున్నది.

పింఛనునుండి పుట్టిన కొలత

పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము వఱకు అమెరికా కాలేజీలలో విద్యార్థులందఱును ఇంచుమించుగా నొకే పాఠక్రమమును చదువుచుండిరి. కావున ఎవడెంత చదివెనని వేఱుగా కొలువవలసిన యవసరము లేకుండెను. 1869 మొదలు 1909 వఱకు హార్వర్డు విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడైయుండిన చార్లెస్ ఎలియట్, ఎవరికి నచ్చిన విషయములను వారు ఎన్నుకొను పద్ధతిని విస్తరింపజేసెను. ఒకడు గ్రీకుభాషను, వేఱొకడు రసాయనశాస్త్రమును ఎన్నుకొన్నప్పుడు, ఇరువురికి నొకే పట్టా నిచ్చుటకు ఒక ఉమ్మడి నాణెము కావలసివచ్చెను.

ఆ నాణెమునకు దేశవ్యాప్తమైన ముద్ర పడుటకు కారణము, విచిత్రముగా, అధ్యాపకుల వార్ధక్యభృతి. 1905లో ఉక్కువ్యాపారి ఆండ్రూ కార్నెగీ, కాలేజీ అధ్యాపకులకు పింఛనులిచ్చుటకై కోటి డాలర్ల మూలధనముతో నొక ఫౌండేషనును నెలకొల్పెను. ఆ పింఛనునకు అర్హత కోరు కాలేజీలు, తమలో చేరు విద్యార్థులు హైస్కూలులో కనీసము 14 ‘యూనిట్ల’ చదువు పూర్తిచేసి యుండవలెనని నియమము పెట్టుకొనవలసి వచ్చినది. ఒక విషయమును సంవత్సరకాలములో 120 గంటలపాటు తరగతిలో చదువుట యొక యూనిట్. వయసుడిగిన పండితుల జీవనాధారము కొఱకు ఏర్పడిన నిబంధన, ఈ విధముగా బాలుర విద్యకు కొలబద్ద యైనది.

1910లో అదే ఫౌండేషను పక్షమున మోరిస్ కుక్ అను ఇంజనీరు విశ్వవిద్యాలయముల పనితీరును పరీక్షించెను. కర్మాగారములలో కార్మికుల శ్రమను గడియారముతో కొలిచిన ఫ్రెడెరిక్ టేలరునకు ఇతడు అనుయాయి. ఒక్క విద్యార్థి ఒక్క గంటకాలము ఉపన్యాసములోనో, ప్రయోగశాలలోనో, పాఠమప్పగించు గదిలోనో గడపినచో అదియొక ‘విద్యార్థి-గంట’ యని యితడు నిర్వచించెను. ఆ లెక్క పరీక్షించినది విద్యార్థి నేర్చినదానిని కాదు, కూర్చున్నదానిని. ఆ పద్ధతి లోపమును నాడే కొందఱు గుర్తించిరి. అయినను వాడుక సులభమగుటచేత ఆ కొలత నిలిచిపోయినది. నూఱేండ్ల తరువాత, 2015లో, ఆ ఫౌండేషనే తన కొలతను పునఃపరిశీలించి, దానికి లోపములున్నను బదులుగా నిలుపదగిన వేఱు ప్రమాణము ఇంకను సిద్ధము కాలేదని తేల్చినది.

నేడు అమెరికా కేంద్రప్రభుత్వ నిర్వచనము 2011 జులై 1నుండి అమలులో నున్నది. దాని ప్రకారము ఒక సెమిస్టరు క్రెడిట్ అనగా సుమారు 15 వారములపాటు, వారమునకొక గంట తరగతియు, దానికి తోడు తరగతి వెలుపల కనీసము రెండు గంటల పనియు. న్యూయార్కు రాష్ట్రము ఈ లెక్కను మఱింత స్పష్టపఱచినది: ఒక క్రెడిటునకు ఒక్కొక్కటి 50 నిమిషముల చొప్పున 15 గంటల బోధన, 30 గంటల అనుబంధకార్యము. అనగా చట్టములోని గంటకు 50 నిమిషములే. మూడు క్రెడిట్ల కోర్సునకు 45 గంటలు, 50 నిమిషముల చొప్పున మొత్తము 2,250 నిమిషములు. 15 వారములకు పంచిన వారమునకు 150 నిమిషములు. మన యువకుడు మూడు కోర్సులు తీసికొన్నచో తరగతిలో గడపునది వారమునకు ఈ చట్టపు లెక్కన తొమ్మిది గంటలు. వెలుపల గడపవలసినది కనీసము పదునెనిమిది. ‘ఇంటిపనియే యిన్నింతలున్నదేమి?’ యన్న ప్రశ్నకు సమాధానము నిబంధనలోనే యున్నది. తరగతి చదువులో మూడవ వంతు మాత్రమే.

మన దేశములోను ఈ కొలత ప్రవేశించినది. 2015నాటి యు.జి.సి. మార్గదర్శకముల ప్రకారము వారమునకొక గంట బోధనగాని, రెండు గంటల ప్రయోగశాల పనిగాని యొక క్రెడిట్. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానము తరగతితోపాటు విద్యార్థి స్వయంకృషిని గూడ లెక్కలో చేర్చి, ఒక క్రెడిటునకు 30 గంటలు, ఒక సంవత్సరమునకు 1,200 గంటలకు 40 క్రెడిట్లు అని నిర్ణయించినది. ఐరోపాలో ఒక క్రెడిటునకు 25 నుండి 30 గంటల శ్రమ. ఈ కడపటి రెండు కొలతలలో అధ్యాపకుడు మాట్లాడిన కాలముకంటె విద్యార్థి పాటుపడిన కాలమునకు ప్రాధాన్యము హెచ్చు. అది శుభపరిణామమని నేను భావింతును.

నూటయేబది నిమిషములను పంచుట

వారమునకు 150 నిమిషములని తేలిన తరువాత వాటిని ఎట్లు పంచవలెననునది కాలేజీ ముందున్న ప్రశ్న. 50 నిమిషముల చొప్పున మూడు మాఱులు కూడవచ్చును. 75 నిమిషముల చొప్పున రెండు మాఱులు. లేదా ఒకేమాఱు 150 నిమిషములు. అంకగణితమునకు మూడును సమానమే. చదువునకు మాత్రము మూడును వేఱువేఱు.

నేర్చినదానిని కొంత యెడముతో మరల మరల తలంచుకొన్నచో జ్ఞాపకమునందు దృఢముగా నిలుచునని జర్మను మనస్తత్త్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపెను. తరువాతి పరిశోధనలును దానిని బలపఱచినవి. మన వీథిబడిలో ఎక్కములు ప్రతి సాయంకాలము వల్లెవేయించిన పంతులుగారికి ఈ సూత్రము పుస్తకము చూడకయే తెలియును. కావున భాషలు, గణితము, లెక్కలు కట్టి నేర్చుకొనవలసిన శాస్త్రములు—వీటికి తఱచుగా కూడు చిన్న తరగతులే మేలు. సోమవారము చెప్పినది బుధవారము మరల కదలును. బుధవారపు సందేహము శుక్రవారము తీరును.

వారమునకొకమాఱు కూడు దీర్ఘమైన తరగతికి వేఱొక వంశవృక్షము గలదు. అది జర్మను విశ్వవిద్యాలయముల సెమినారునుండి దిగివచ్చినది. 1830 తరువాతి కాలమున బెర్లిన్ నగరములో చరిత్రకారుడు రాంకే తన యింటనే కొలదిమంది శిష్యులను చేర్చుకొని, ప్రాచీనపత్రములను వారి ముందుంచి, ఏది విశ్వసనీయము, ఏది కాదని తర్కింపజేసెడివాడు. 1876లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము ఆ పద్ధతిని అమెరికాలో నాటినది. ఒక విద్యార్థి తన వ్యాసమును చదువవలెను, తక్కినవారు ఆక్షేపింపవలెను, అతడు సమాధానము చెప్పవలెను, గురువు కడపట తన తీర్పు వినిపింపవలెను. ఇదంతయు 50 నిమిషములలో ముగియదు. వాదము వేడెక్కిన క్షణమున గంట మ్రోగినచో, వారము తరువాత ఆ వేడి మరల పుట్టదు. హార్వర్డు బిజినెస్ స్కూలులో ఒక వ్యాపారసమస్యను ఆద్యంతము చర్చించు తరగతికి 80 నిమిషములు నిర్ణయించుకొనిరి. చర్చకు దాని పరిమాణమును బట్టియే కాలమీయవలెననుటకు అది మంచి యుదాహరణము.

కాని దీర్ఘమైన తరగతులన్నియు సెమినారులు కావు. పెక్కు కాలేజీలలో వాటికి అసలు కారణము సౌకర్యము. పగలు ఉద్యోగము చేయువారు వారమునకు మూడు సాయంకాలములు రాలేరు, ఒకటి రాగలరు. వెలుపలినుండి వచ్చి బోధించువారికి నొక ప్రయాణముతో సరిపోవును. ఈ కారణములు అల్పములని నేననను. పగలంతయు పనిచేసి రాత్రి చదువుకొనువానికి విద్యాలయపు తలుపు తెఱచియుండుట గొప్ప సామాజికధర్మము. అయితే కాలము సెమినారుదియు, బోధన ఉపన్యాసముదియు నైనప్పుడే చిక్కు వచ్చును.

ఒక సాయంకాలపు తరగతి

అట్టి తరగతి నొకదానిని దగ్గఱనుండి చూతము. 7:20కి ముప్పదియైదు మంది కూర్చుండి యుందురు. సగము మంది ఆఫీసునుండి తిన్నగా వచ్చినవారు. వారి మెడలలో గుర్తింపుకార్డులు ఇంకను వ్రేలాడుచునే యుండును. మొదటి అరగంట అందఱి చూపులును తెరపైననే యుండును. ఎనిమిదింటికి ఒక్కొక్క లాప్‌టాప్‌లో వేఱొక కిటికీ తెఱుచుకొనును. 8:35కి విరామము. వరండాలో యంత్రములో నాణెములు పడు చప్పుడు. మెట్లపై కూర్చున్న మన పిల్లవాని స్టీలు డబ్బాలో మధ్యాహ్నము కలిపిన పులిహోర. పది నిమిషములని చెప్పిన విరామము పదునైదగును. 8:50కి మరల మొదలైన పాఠములో, 9:30 తరువాత, గురువుగారు ఆ దినపు ముఖ్యసూత్రమునకు వచ్చుదురు. అప్పటికి వెనుకవరుసలోని వాడు చివరి బస్సు వేళను ఫోనులో చూచుకొనుచుండును. ఆ పరిస్థితిలో ఎవని తప్పును లేదు. పాఠముయొక్క కూర్పే తప్పు.

విద్యార్థి అవధానము పదునైదు నిమిషములే నిలుచునను మాట విద్యాలయములలో తఱచుగా వినబడును. దానికి గట్టి యాధారము లేదని పూర్వపు పరిశోధనలను పరిశీలించినవారు 2007లో చూపిరి. 2010లో రసాయనశాస్త్రపు తరగతులలో విద్యార్థులచేతనే మీటలు నొక్కించి చేసిన మఱియొక పరిశోధనములో తెలిసినదేమనగా, మనస్సు చెదరుట యేదో యొక నిర్ణీతక్షణమున జరుగదు. అది చిన్నచిన్న తరంగములుగా వచ్చుచు పోవుచుండును, ప్రశ్న యడిగినప్పుడును ప్రయోగము చేసి చూపినప్పుడును తగ్గును. దీనినిబట్టి 150 నిమిషములు స్వతహాగా దుర్భరములు కావు. 150 నిమిషములు ఎడతెగక వినుటయే దుర్భరము.

లెక్కలోని చిక్కులు

మొదట ఆ విరామము సంగతి చూతము. చట్టపు గంట 50 నిమిషములదైనందున గంటకు పది నిమిషముల విశ్రాంతి అదివఱకే తీసివేసినట్లైనది. కావున 150 నిమిషముల బోధనలోనుండి మరల విరామమును కోయుటకు వీలులేదు; పైన కలుపవలెను. 7:20నుండి 10 గంటల వఱకు 160 నిమిషములు. 150 పాఠమునకు, 10 విరామమునకు—టైంటేబులులోని వింత సంఖ్యకు అర్థమిది. విరామము పదునైదైన దినమున ఐదు నిమిషముల పాఠము పోయినది. సెమిస్టరు 14 వారములదే యైనచో వారమునకు ఇంచుమించు 161 నిమిషములు పాఠమునకే కావలెను. విరామమునకు చోటు వేఱుగా వెదకుకొనవలెను.

రెండవ చిక్కు సెలవులది. 1968లో చేయబడి 1971లో అమలులోనికి వచ్చిన చట్టముచేత అమెరికాలో పలు ప్రభుత్వ సెలవులు సోమవారములకు మాఱినవి. మార్టిన్ లూథర్ కింగ్ జన్మదినోత్సవమును జనవరి మూడవ సోమవారముననే జరుపుదురు. కార్మికదినము అంతకు ముందునుండియే సెప్టెంబరు మొదటి సోమవారము. వారమునకు మూడు మాఱులు కూడు తరగతికి ఒక సెలవువలన పోవునది 50 నిమిషములు. సోమవారము మాత్రమే కూడు తరగతికి పోవునది వారపు చదువంతయు, కోర్సులో పదునైదవ వంతు. అందుచేతనే కొన్ని కాలేజీలు ఏదో యొక మంగళవారమును సోమవారముగా ప్రకటించి ఆ లోటును పూరించుకొనును.

మూడవది వేసవి కోర్సు. అదే మూడు క్రెడిట్లను ఆఱు వారములలో ముగింపవలెనన్న వారమునకు 375 నిమిషముల తరగతియు, వెలుపల 15 గంటల పనియు కావలెను. తరగతి నిమిషములను ఎట్లో సర్దవచ్చును. చదివినది ఇంకుటకు కావలసిన దినములను మాత్రము ఏ టైంటేబులును సృష్టింపజాలదు.

మన కాలేజీలలో తరగతి నిడివిని నిర్ణయించుటలో ఇంకొక కారణము పనిచేయుచున్నది. యు.జి.సి. 2018 నియమముల ప్రకారము అసిస్టెంట్ ప్రొఫెసరు వారమునకు 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసరును ప్రొఫెసరును 14 గంటలు బోధింపవలెను. టైంటేబుల్ వేయువారు సాధారణముగా ఈ గంటలను, ఉన్న గదులను ముందు వేసికొని, పాఠములను వాటిలో పొదుగుదురు. దుస్తులు ముందు కుట్టి, వాటికి సరిపడు మనుష్యుని పిదప వెదకుట వంటిది ఈ పద్ధతి.

చేయదగినది

ఇక నాకు తోచిన మార్గమును చెప్పెదను. కాలమును నిర్ణయించుటకు ముందు శాఖాధిపతి ప్రతి అధ్యాపకుని పిలిచి ‘మీ తరగతిలో విద్యార్థి యేమి చేయును?’ అని యడుగవలెను. లెక్కలు కట్టునన్నచో వారమునకు 50 నిమిషముల చొప్పున మూడు మాఱులుగాని, 75 నిమిషముల చొప్పున రెండు మాఱులుగాని యీయుడు. వ్యాసము చదివి వాదించునన్నచో ఒకేమాఱు దీర్ఘకాలమీయుడు, కాని గుంపు పదునైదు మందిని మించనీయకుడు. వినుననియే సమాధానము వచ్చినచో, ఆ కోర్సునకు దీర్ఘమైన తరగతి నీయనేకూడదు. ఉద్యోగుల కొఱకు ఒకే సాయంకాలమున నడుపక తప్పనిచోట, పాఠమును మూడంకములుగా విభజింపవలెను: ముఖ్యసూత్రము మొదటి 40 నిమిషములలోనే రావలెను; విరామమునకు ముందు దానిపై విద్యార్థులచేత నొక సమస్య సాధింపజేయవలెను; అలసిన కడపటి భాగమును చర్చకును, వచ్చు వారపు పనిని వివరించుటకును ఉంచవలెను. విరామమెంతయో, అది పాఠపు లెక్కలో చేరునో చేరదో పాఠ్యప్రణాళికలో ముద్రింపవలెను. గురువు శిష్యులు ఇరువురును దానికి కట్టుబడవలెను.

మోరిస్ కుక్ కొలతను నేను మెచ్చలేదు. చదువు కర్మాగారములోని సరకు కాదు. కాని ఆ కొలతలో నొక సత్యము దాగి యున్నది: అది గదిని గాక ఒక్కొక్క విద్యార్థిని లెక్కించినది. 40 మంది గల తరగతికి గురువు 15 నిమిషములు ఆలస్యముగా వచ్చినచో, గోడమీది గడియారము ప్రకారము పోయినది పావుగంట. ఆ నలువది మంది జీవితముల ప్రకారము పోయినది 600 నిమిషములు, అనగా పది గంటలు. తరగతి నిడివిని నిర్ణయించు ప్రతి కాలేజీవారును, తలుపు తెఱచి లోనికి వచ్చు ప్రతి గురువును, ఈ రెండవ లెక్కనే తమ లెక్కగా తీసికొనవలెనని నా ప్రార్థన.